లాండ్రీలో వేసే క్వార్టర్ నాణెం మీద ఉన్నావిడ ఎవరు? ఆమెకి హీరోయిన్ వేషం ఎందుకు దక్కలేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు టెక్సాస్‌లో ఎం.ఎస్. చేస్తున్నారు. అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్‌లో మెషీన్‌కి వేద్దామని తెచ్చుకున్న పాతిక సెంట్ల క్వార్టర్లలో ఒకదాని మీద, చెయ్యికి గడ్డం ఆనించుకున్న ఒకావిడ బొమ్మ కనిపించింది. చుట్టూ సినిమా హాలు బోర్డు మీద వెలిగే బల్బులు. పేరు అన్నా మే వాంగ్. వెతికితే ‘హాలీవుడ్‌లో మొదటి చైనీస్-అమెరికన్ స్టార్’ అని వచ్చింది. అంత స్టార్ అయితే చైనా రైతుల కథతో తీసిన ‘ది గుడ్ ఎర్త్’లో హీరోయిన్ వేషం ఒక తెల్లావిడకి ఎలా వెళ్లింది, ఈవిడ నటన అంతంత మాత్రమేనా, చూడాలంటే ఏ సినిమాతో మొదలుపెట్టాలి అని అడిగారు. చివర్లో ఆ నాణేనికి రేటేమైనా పలుకుతుందా అని కూడా.

ముందు సూటిగా చెప్పేస్తాను. నటన లోపం కాదు. హీరో వేషం తెల్లవాడికి ఇచ్చిన రోజే హీరోయిన్ వేషం ఆమె చేజారిపోయింది. తెల్ల నటుడికీ వేరే జాతి నటికీ మధ్య ప్రేమ, కాపురం తెర మీద చూపించడానికి ఆ రోజుల్లో స్టూడియోలు జంకేవి. ‘గుడ్ ఎర్త్’ హీరో పాల్ మ్యూని, చైనావాడిలా మేకప్ వేసుకున్న తెల్లవాడు. కాబట్టి అతనికి భార్యగా వేసేది కూడా చైనా మేకప్ వేసుకున్న తెల్లావిడే అయ్యుండాలి. నిజంగా చైనా రక్తం ఉన్నావిడ పనికిరాదు. ఇక మొదట చూడాల్సిన సినిమా 1929లో విడుదలైన, లండన్‌లో తీసిన ‘పికడిల్లీ’. మిగతాదంతా వివరణ, ఓపిక ఉంటే చదవండి.

నా సంగతి రెండు ముక్కలు. హైదరాబాద్‌లో సినిమా చరిత్ర పాఠాలు చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా ఒక చిన్న ఫిల్మ్ క్లబ్ నడుపుతున్నాను, ఎక్కువగా మూకీలు వేస్తాం. జనం పెద్దగా రారు. ఆమె సినిమాలు ఏడెనిమిది సార్లు వేసుంటాను. వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు మీ ప్రశ్నే అడిగారు.

మీకు ఆ నాణెం లాండ్రీ రూమ్‌లో చేతికొచ్చిందని చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే అన్నా మే వాంగ్ వాళ్ల నాన్నది లాండ్రీయే. 1905 జనవరి 3న లాస్ ఏంజెలెస్‌లో, చైనాటౌన్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఫ్లవర్ స్ట్రీట్‌లో పుట్టింది. నాన్న వాంగ్ సామ్ సింగ్ ‘సామ్ కీ లాండ్రీ’ యజమాని. ఆమె చైనీస్ పేరు వాంగ్ ల్యూ సాంగ్. అక్షరాలకి విడివిడిగా అర్థం చెప్పుకుంటే ఇంటిపేరు పసుపు, తర్వాత విల్లో చెట్టు, చివర మంచు. చాలామంది ‘చైనా నటి’ అని రాసేస్తారు, అది తప్పు. ఆమె తండ్రి కూడా 1860లో కాలిఫోర్నియాలోనే, బంగారు గనులున్న ఒక ఊళ్లో పుట్టాడు. ఆమె చైనా గడ్డ మీద మొదటిసారి కాలు పెట్టింది ముప్పై ఒక్కేళ్లు వచ్చాక.

చిన్నప్పుడు ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల మూటలు ఇళ్లకి చేరవేసేది. అలా వచ్చిన చిల్లర సినిమా టిక్కెట్లకి పోయేది. అప్పుడే సినిమా పరిశ్రమ న్యూయార్క్ వైపు నుంచి కాలిఫోర్నియాకి మకాం మారుస్తోంది, చైనాటౌన్ వీధుల్లో షూటింగులు జరిగేవి. బడి ఎగ్గొట్టి కెమెరా పక్కన నిలబడి ప్రశ్నలతో వేధించే ఈ పిల్లకి యూనిట్ వాళ్లు ‘సి.సి.సి.’ అని పేరు పెట్టారు, ఆరాలు తీసే చైనా పిల్ల అని. సినిమా పేరు అన్నా మే వాంగ్ అని పదకొండో ఏటే ఖాయం చేసుకుంది. 1919లో ‘ది రెడ్ లాంటర్న్’ కి మూడు వందల మంది చైనా ఎక్స్‌ట్రాలు కావాల్సి వస్తే, ఆ గుంపులో లాంతరు పట్టుకుని నడిచింది. నాన్నకి చెప్పలేదు.

1922లో పదిహేడేళ్లకే హీరోయిన్. సినిమా ‘ది టోల్ ఆఫ్ ది సీ’. సముద్రంలో కొట్టుకొచ్చిన అమెరికా కుర్రాణ్ణి లోటస్ ఫ్లవర్ అనే చైనా అమ్మాయి కాపాడుతుంది, తనకి పెళ్లయిందనే అనుకుంటుంది. అతను ఊరెళ్లి తెల్ల భార్యతో తిరిగొస్తాడు. ఈమె కొడుకుని వాళ్ల చేతుల్లో పెట్టి సముద్రంలో కలిసిపోతుంది. అరిగిపోయిన కథే. నేను దీన్ని క్లాసులో వేసేది రంగు కోసం. టెక్నికలర్ కంపెనీ తన రెండు రంగుల కొత్త పద్ధతిని మామూలు థియేటర్లలోకి వదిలింది ఈ సినిమాతోనే. కెమెరా ఒకే దృశ్యాన్ని ఎరుపు, ఆకుపచ్చ పాళ్లుగా విడదీసి పట్టుకునేది. ఒక్కో పాలునీ పల్చటి ఫిల్ము మీద ప్రింటు చేసి, రంగు పట్టించి, రెండిటినీ వీపుకి వీపు ఆనించి అంటించేవాళ్లు. మామూలు ప్రొజెక్టర్‌లోనే ఆడేది. చిక్కల్లా, దీపం వేడికి ఆ జంట ఫిల్ము దోనెలా వంగి బొమ్మ ఫోకస్ తప్పేది. ఇంకో చిక్కు, ఈ రెండు రంగులతో అసలైన నీలం రాదు. పేరులోనే సముద్రం ఉన్న సినిమాలో సముద్రం ఆకుపచ్చగా ఉంటుంది. చివరి రీళ్లు పోయాయి. 1985లో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) వాళ్లు ప్రింటు బాగు చేసినప్పుడు పాతకాలపు రెండు రంగుల కెమెరాతో కాలిఫోర్నియా తీరంలో సూర్యాస్తమయం తీసి ఆ ఖాళీ పూడ్చారు.

రంగు పక్కన పెట్టి ఆమెని చూడండి. చుట్టూ ఉన్నవాళ్లు మూకీ అలవాటు కొద్దీ చేతులు ఊపేస్తుంటే ఈ పదిహేడేళ్ల పిల్ల ఊరికే నిలబడి ఉంటుంది. కొడుకుని అప్పగించే సీన్లో ముఖం ఒక్కటే పనిచేస్తుంది. నటన అంతంత మాత్రమేనా అన్న మీ ప్రశ్నకి ఆ సీనే సరిపోతుంది.

1924లో అప్పటి పెద్ద హీరో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో మంగోలు దాసి వేషంతో పేరు మోగిపోయింది. ఆ ఊపులో సొంత బ్యానర్ పెట్టింది, భాగస్వామి లెక్కల్లో మోసంతో అది మూతపడింది. తర్వాత వచ్చినవన్నీ ఒకటే అచ్చు. విషం కలిపే చైనా ఆడది, లేకపోతే తెల్ల దొర కోసం ప్రాణం తీసుకునే చైనా ఆడది. కథలో నిజంగా చైనా హీరోయిన్ ఉంటే ఆ వేషం తెల్లావిడకి, ఆ తెల్లావిడ పక్కన చిన్న వేషం ఈమెకి.

ఇక్కడ ఒక అడుగు పక్కకి వేయాలి, చట్టం తెలియకపోతే మిగతాది అర్థం కాదు. 1882 నుంచి 1943 దాకా అమెరికాలో చైనీయుల మీద బహిష్కరణ చట్టం నడిచింది. చైనా నుంచి కూలీలు రాకూడదు, వచ్చి ఉన్నవాళ్లకి పౌరసత్వం ఇవ్వరు. అక్కడ పుట్టినవాళ్లు మాత్రం పౌరులేనని 1898లో సుప్రీంకోర్టు వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో తేల్చింది కాబట్టి ఈవిడ పుట్టుకతోనే పౌరురాలు. అయినా దేశం దాటాలంటే ముందు ఇమిగ్రేషన్ ఆఫీసులో ఫారం 430 నింపాలి. ‘అమెరికా పౌరుణ్ణని చెప్పుకుంటున్న చైనా జాతి వ్యక్తి’ పెట్టుకునే దరఖాస్తు అని దాని మీదే అచ్చేసి ఉంటుంది. చెప్పుకుంటున్న! పోస్టర్ల మీద ముఖం ఉన్న మనిషి ఫోటో అంటించి, మీరెవరు, ఎక్కడ పుట్టారు అని అడిగించుకోవాలి. స్టాంపింగ్‌కి ఇండియా వచ్చినప్పుడు తిరిగి రానిస్తారో లేదో అన్న టెన్షన్ మీకు తెలిసే ఉంటుంది. మీరు వీసా మీద ఉన్నారు. ఆవిడ అక్కడే పుట్టింది.

మన వాళ్ల పరిస్థితీ అప్పట్లో ఇంచుమించు ఇదే. 1917 చట్టంతో ఇండియా నుంచి వలస ఆగిపోయింది, 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తలుపు కాస్త తెరుచుకున్నది 1946లో.

పెళ్లి సంగతి కూడా చూడండి. కాలిఫోర్నియాలో తెల్లవాళ్లకీ చైనీయులకీ పెళ్లి 1948 దాకా చెల్లేది కాదు. పోనీ చైనా నుంచి వచ్చిన వాణ్ణి చేసుకుందామంటే, 1922 నాటి కేబుల్ చట్టం కింద పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి చేసుకున్న ఆడదాని పౌరసత్వమే పోయేది. 1931లో గానీ ఆ ముక్క తీసేయలేదు. ఆమె అసలు పెళ్లే చేసుకోలేదు. కారణం ఇదేనని నేను అనను, మనుషుల పెళ్లిళ్లు చట్టాల వల్లే ఆగవు.

సినిమాకి వద్దాం. హాలీవుడ్ నిర్మాతలు 1930లో ఒక నియమావళి రాసుకున్నారు, 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. దీని గురించి నేనే ఏళ్ల తరబడి క్లాసులో తప్పు చెప్పాను. ‘తెల్లవాళ్లకీ ఆసియా వాళ్లకీ ప్రేమ చూపించకూడదని అందులో రాసి ఉంది’ అనేవాణ్ణి. ఒకసారి లా చదివే అమ్మాయి ఒకామె క్లాసుకి వచ్చి, మరుసటి వారం ఆ కాగితం ప్రింటు తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. నియమావళిలో రాసి ఉన్నది తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య సంబంధం గురించి మాత్రమే. దాన్ని ఆసియా వాళ్ల దాకా సాగదీసింది స్టూడియోల భయం. దక్షిణాది రాష్ట్రాల్లో సినిమా ఆడదేమో, సెన్సారు పట్టుకుంటుందేమో అన్న భయం. రాసిన రూలు కంటే రాయని రూలు ఎక్కువ పనిచేసింది. ఆ అమ్మాయికి అప్పుడే థాంక్స్ చెప్పాల్సింది, కాస్త ముఖం మాడ్చుకున్నాను.

క్లాసులో ఇంకో చెయ్యి కూడా తప్పకుండా లేస్తుంది. ‘తెలుగమ్మాయిలకీ తెలుగు సినిమాల్లో హీరోయిన్ వేషాలు రావు కదా సార్, అదీ ఇదీ ఒకటే కదా?’ ఒకటి కాదు. మనది మార్కెట్ లెక్క, ఫ్యాషన్. తిట్టుకోవాల్సిందే గానీ, తెలుగమ్మాయి ఫలానా హీరోని తాకకూడదని ఎవరూ అనుకోరు. పోలిక అక్కడితో ఆపడం మంచిది.

ఇక 1928. విసిగిపోయి యూరప్ వెళ్లింది. మూకీలకి ఒక సుఖం ఉంది, భాష అడ్డం రాదు. బెర్లిన్‌లో రిచర్డ్ ఐష్‌బర్గ్ ఆమెని హీరోయిన్‌గా పెట్టి ‘సాంగ్’ తీశాడు, హాలీవుడ్ ఇవ్వనిది అక్కడ దొరికింది. తర్వాత హాలీవుడ్ స్టారై హిట్లర్‌ని ఎదిరించిన మర్లీన్ డీట్రిచ్, హిట్లర్‌కి ప్రచార సినిమాలు తీసిన లెనీ రీఫెన్‌స్టాల్‌తో కలిసి ఈమె నవ్వుతూ నిలబడిన ఫోటో ఒకటుంది, ఆ ఏడు బెర్లిన్‌లో ఒక పార్టీలో ఫోటోగ్రాఫర్ ఐసెన్‌స్టాట్ తీసింది. తర్వాతి పదేళ్లలో ఆ ముగ్గురూ ఏ దారుల్లో వెళ్లారో తలుచుకుంటే ఆ ఫోటో చూడటం కష్టం.

ఆ తర్వాత లండన్‌లో ‘పికడిల్లీ’, డైరెక్టర్ ఇ.ఎ. డ్యుపాంట్. ఆమె పేరు షోషో, పెద్ద నైట్‌క్లబ్‌లో గిన్నెలు కడిగే పిల్ల. పైన హాల్లో పేరున్న డాన్సర్ ఆడుతోంది. ఒక కస్టమర్ కంచం మీద మరక చూసి గొడవ పెడతాడు (ఇతను చార్లెస్ లాటన్, కాసేపే కనిపిస్తాడు, కానీ సీను కొట్టేస్తాడు). మరక ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని ఓనరు విల్మట్ హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గిన్నెలు కడిగే గదిలోకి దిగుతాడు. అక్కడ పనివాళ్లందరూ పని మానేసి చూస్తూ నిలబడ్డారు. షోషో బల్లెక్కి ఆడుతోంది. మేజోడుకి పోగు లేచిపోయి ఉంది. కాళ్లు పెద్దగా కదలవు. నడుమూ, చేతులూ నెమ్మదిగా తిరుగుతాయి, ఎవరో చూస్తున్నారన్న స్పృహే లేనట్టు. పైన హాల్లో అంతసేపు ఎగిరిన డాన్సర్‌ని మనం ఆ క్షణంలో మర్చిపోతాం. పోస్టరులో పెద్ద పేరు ఆ డాన్సర్ వేసిన గిల్డా గ్రేది. సినిమా మాత్రం ఇక్కణ్ణుంచి ఈవిడది.

ఓనరు ముందు ఆమెని పనిలోంచి తీసేస్తాడు, తర్వాత పిలిచి డాన్సర్‌గా పెట్టుకుంటాడు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టే సీను జాగ్రత్తగా చూడండి. షోషో అక్కడ చైనీస్ అక్షరాల్లో రాసేది ఆ నటి సొంత పేరు. ఇంకో సీన్లో ఇద్దరూ అప్పటి లండన్ చైనాటౌన్ లైమ్‌హౌస్‌లో ఒక పబ్బుకి వెళ్తారు. అక్కడ నల్లవాడితో డాన్స్ చేసిందని ఒక తెల్ల ఆడదాన్ని బయటికి గెంటేస్తారు. అది చూసి వీళ్లిద్దరూ మాట్లాడకుండా లేచి వెళ్లిపోతారు.

మా క్లబ్‌లో మొదటిసారి ఇది వేసినప్పుడు ఒక రిటైర్డ్ మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. షోషో, విల్మట్ ముఖాలు దగ్గరకొస్తాయి, ఇంకొంచెం దగ్గరకొస్తాయి, బొమ్మ చీకటైపోతుంది. ఆయన లేచి ‘ఏమండీ, మీ డిస్క్ పాడైనట్టుంది’ అన్నారు. డిస్క్ బాగానే ఉంది సార్, 1929 నుంచీ అది అంతే అన్నాను. హాలంతా నవ్వారు. ఆ నవ్వు తగ్గాక ఎవరూ కాసేపు మాట్లాడలేదు. యూరప్‌లో స్వేచ్ఛ దొరికిందన్న మాట నిజమే, ఆ ముద్దు దాకా.

టాకీలు వచ్చాక గొంతు సమస్య. 1929లో లండన్ నాటకం ‘ది సర్కిల్ ఆఫ్ చాక్’లో బ్రిటిష్ నటుడు లారెన్స్ ఒలివియర్ పక్కన వేసింది. విమర్శకులు ఆమె కాలిఫోర్నియా యాసని ఏకిపారేశారు, చైనా బొమ్మ నోటి నుంచి అమెరికా మాట వస్తోందని. ఆమె ఫీజు కట్టి కేంబ్రిడ్జి వాడొకణ్ణి పెట్టుకుని ఉచ్చారణ మార్చుకుంది. 1930లో ఐష్‌బర్గ్‌తో చేసిన సినిమాని ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచ్ మూడు వర్షన్లుగా తీస్తే మూడిట్లోనూ ఆమే వేసింది. మన దగ్గర తెలుగు, తమిళం రెండిట్లో ఒకేసారి తీసినట్టన్నమాట, డబ్బింగ్ అని కాదు.

అదే ఏడు అమెరికా తిరిగొచ్చింది. 1931లో ‘డాటర్ ఆఫ్ ది డ్రాగన్’. కథ నడిపేది ఆమె, ఆమెకి 6,000 డాలర్లు. జపాన్ నటుడు సెస్సూ హయకావాకి 10,000. చైనావాడిగా మేకప్ వేసుకుని ఇరవై మూడు నిమిషాలు కనిపించిన స్వీడన్ మనిషి వార్నర్ ఓలాండ్‌కి 12,000. మరుసటి ఏడు ‘షాంఘై ఎక్స్‌ప్రెస్’, మర్లీన్ డీట్రిచ్ హీరోయిన్. ఈవిడ అదే రైలు పెట్టెలో కూర్చునే వేశ్య హుయి ఫే. డైలాగులు కొన్నే. కానీ విలన్‌ని కత్తితో పొడిచి కథ ముగించేది ఈమె చెయ్యే. ఆ విలన్ కూడా మళ్లీ ఓలాండే! పేకముక్కలు పరుచుకుంటూ తల ఎత్తకుండా చూసే చూపు ఒకటుంది, నేను దాన్ని స్లోమోషన్‌లో చూపిస్తాను క్లాసులో.

ఇప్పుడు ‘గుడ్ ఎర్త్’. పెర్ల్ బక్ నవలని ఎంజీఎం స్టూడియో కొన్నప్పటి నుంచీ హీరోయిన్ ఓలాన్ వేషం ఈవిడదేనని పత్రికలు రాశాయి, ఆమె కూడా ఆశ పెట్టుకుంది. 1935 చివర స్క్రీన్ టెస్టుకి పిలిచారు, కానీ లోటస్ పాత్రకి. రైతు కాపురాన్ని చెడగొట్టే ఉంపుడుగత్తె అది. ఆమె కాదంది. చైనీయుల పాత్రలన్నీ తెల్లవాళ్లు వేస్తున్న సినిమాలో చెడ్డ వేషం ఒక్కటి మాత్రం చైనా రక్తం ఉన్న నన్ను వేయమంటున్నారు అని పత్రికల వాళ్లతో అనేసింది. ఓలాన్‌గా జర్మనీలో పుట్టిన లూయీజ్ రైనర్ వేసి ఆస్కార్ గెలిచింది. అదే సినిమాలో చిన్న వేషం దొరికింది ఎవరికో తెలుసా? ఈవిడ సొంత చెల్లెలు మేరీకి.

కానీ తప్పంతా హాలీవుడ్ మీదే తోసేయకండి. చైనా ప్రభుత్వం ఈ సినిమా ఎలా వస్తుందోనని కన్నేసి ఉంది, అటు నుంచి కూడా ఆమె వద్దన్న మాటే వచ్చింది. ఆమె వేసిన దాసి, వేశ్య వేషాలు దేశం పరువు తీశాయని అక్కడి పత్రికల కోపం. అమెరికాలో మరీ చైనీస్, చైనాలో మరీ అమెరికన్. రైనర్ బాగా చేయలేదా అంటే, చేసింది. ఆ సినిమాని రైనర్ కోసం చూడొచ్చు. మేకప్‌ని చూసీ చూడనట్టు పోవాలి, అంతే.

1936 జనవరిలో ఆమె ఓడెక్కి చైనా వెళ్లింది. చేదు వార్త పడ్డాక నెల తిరక్కుండానే. షాంఘైలో ఘనంగా స్వాగతాలు, హాంకాంగ్‌లో రేవు దగ్గర నినాదాలు. ఇంట్లో మాట్లాడింది దక్షిణాది టైషాన్ మాండలికం, ఉత్తరాన అది పనికిరాలేదు. తన వాళ్లతో దుబాసీ పెట్టుకుని మాట్లాడాల్సి వచ్చిందని రాసుకుంది. మీ చుట్టూ అక్కడే పుట్టిన తెలుగు పిల్లలు ఉంటే మీకు ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు. చైనా అధికారులు విందుకి పిలిచి, ఆమె వేషాల గురించి గంటల తరబడి ఉపన్యాసాలు దంచారు. అంతా విని, మొదట్లో వేషాలు ఎంచుకునే స్థితి నాకు లేదని జవాబు చెప్పింది. తండ్రి అప్పటికే చిన్న పిల్లలని తీసుకుని అక్కడి పూర్వీకుల ఊరు వెళ్లిపోయాడు, ఆ ఊరూ చూసొచ్చింది.

వచ్చాక 1937లో పారమౌంట్‌కి ‘డాటర్ ఆఫ్ షాంఘై’ చేసింది. గంటకి కాస్త ఎక్కువ నిడివి, బి గ్రేడ్ బడ్జెట్. కానీ ఇందులో ఆమె హీరోయిన్, హీరో కొరియన్-అమెరికన్ నటుడు ఫిలిప్ ఆన్, ఇద్దరూ మంచివాళ్లు, చివరికి ఇద్దరూ బతికే ఉంటారు! తనకి బాగా నచ్చిన వేషం ఇదేనని అప్పట్లో ఆమే చెప్పింది. 2006లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు. యుద్ధం రోజుల్లో చిన్న కంపెనీలకి చేసిన రెండు సినిమాల పారితోషికం చైనా సహాయ నిధికి ఇచ్చేసింది. అయినా 1943లో చైనా అధినేత భార్య మదామ్ చియాంగ్ కై-షేక్ హాలీవుడ్ బౌల్‌లో సభ పెడితే వేదిక మీదికి ఈవిడని పిలవలేదు.

టీవీ సంగతి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. 1951లో ఆగస్టు నుంచి నవంబరు దాకా డ్యుమాంట్ నెట్‌వర్క్‌లో ‘ది గ్యాలరీ ఆఫ్ మదామ్ ల్యూ-సాంగ్’ అనే సీరియల్ వచ్చింది. అరగంట ఎపిసోడ్లు. ఆర్ట్ గ్యాలరీ నడుపుతూ నేరాలు ఛేదించే ఆవిడ కథ, పాత్రకి తన అసలు పేరే పెట్టారు. ఆసియన్-అమెరికన్ ప్రధాన పాత్రతో అమెరికా టీవీలో వచ్చిన మొదటి సీరియల్ అది. ఒక్క ఎపిసోడ్ కూడా మిగల్లేదు. యూట్యూబ్‌లో వెతికి టైం వృథా చేసుకోకండి. డ్యుమాంట్ 1956లో మూతపడింది. వాళ్ల రికార్డింగులని 1970లలో న్యూయార్క్ రేవులో పారేశారని నటి ఈడీ ఆడమ్స్ 1996లో సాక్ష్యం చెప్పింది.

1956లో విలియం వైలర్ టీవీ కోసం ‘ది లెటర్’ తీసినప్పుడు ఈవిడకి వేషం ఇచ్చాడు. అదే వైలర్ 1940లో అదే కథని సినిమాగా తీసినప్పుడు ఆ ఆసియా స్త్రీ పాత్ర వేసింది గేల్ సాండర్‌గార్డ్ అనే తెల్లావిడ. అక్కడికి రావడానికి పదహారేళ్లు. అప్పటికే తాగుడు వల్ల కాలేయం చెడిపోయింది. 1960లో హాలీవుడ్‌లో ప్రముఖుల పేర్లతో ఫుట్‌పాత్ మీద నక్షత్రాలు పొదిగే వాక్ ఆఫ్ ఫేమ్‌లో స్టార్ వచ్చింది. ‘ఫ్లవర్ డ్రమ్ సాంగ్’ సినిమాకి మంచి వేషం ఖాయమైంది, ఆరోగ్యం సహకరించలేదు. 1961 ఫిబ్రవరి 3న శాంటా మోనికాలో నిద్రలోనే గుండెపోటుతో పోయింది, యాభై ఆరేళ్లు. వాక్ ఆఫ్ ఫేమ్‌లో రెండో ఆసియన్-అమెరికన్ నటిగా లూసీ లియుకి స్టార్ వచ్చింది 2019లో, ఈమె స్టార్ పక్కనే.

చూసే వరస అడిగారు కదా. ‘పికడిల్లీ’ ముందు, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ బాగు చేసిన ప్రింటు మాత్రమే. నెట్‌లో దొరికే కాపీల్లో కొన్ని తప్పు వేగంతో నడుస్తాయి, మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా గంతులేస్తారు. అవి చూసి మూకీ అంటే ఇంతే అనుకుంటారు. తర్వాత ‘షాంఘై ఎక్స్‌ప్రెస్’. నచ్చితే ‘టోల్ ఆఫ్ ది సీ’, గంట లోపే అయిపోతుంది, కాపీరైట్ కాలం దాటిపోయింది కాబట్టి ఉచితంగా దొరుకుతుంది. ‘డాటర్ ఆఫ్ షాంఘై’ ఆదివారం మధ్యాహ్నం సరదాగా. ‘డాటర్ ఆఫ్ ది డ్రాగన్’ మొదటే పెట్టుకోకండి, కోపం తప్ప ఏమీ మిగలదు.

ఇక నాణెం. 2022లో అమెరికా మహిళల బొమ్మలతో వేసిన వరసలో అది ఐదోది, అక్టోబరులో వచ్చింది. చలామణిలో ఉన్న అమెరికా నాణెం మీదికెక్కిన మొదటి ఆసియన్-అమెరికన్ ఆమే. రేటు మాత్రం పలకదు. కోట్లలో ముద్రించారు, ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. పాతిక సెంట్లే. లాండ్రీకి చిల్లర తక్కువైతే నిరభ్యంతరంగా మెషీన్‌లో వేసేయండి, వారం తిరక్కుండా ఇంకోటి దొరుకుతుంది.